రసాల కాలంలో దవడ వైద్యం

నోరు, పళ్ళు, దవడలు, వాటి కీళ్ళు, ముఖపుటెముకలు. వీటిలో మందుబిళ్ళకు లొంగని వ్యవహారాన్ని పట్టకారుతోనో, కత్తితోనో, తీగతోనో దారికి తెచ్చే వైద్యాన్ని దవడ శస్త్రచికిత్స అంటారు. పిప్పిపన్ను పీకడం ఇందులో ఒకటో తరగతి పాఠం. అడ్డంగా పడుకున్న జ్ఞానదంతాన్ని ముక్కలు చేసి బయటికి తీయడం, విరిగిన దవడకు టైటానియం పట్టీ బిగించడం, ఎముకలో పెరిగిన నీటితిత్తిని తీసేయడం, ముందుకు పొడుచుకొచ్చిన దవడను కోసి వెనక్కి జరపడం పై తరగతులు. వీటికి బీడీఎస్ మీద మరో మూడేళ్ళు ఎండీఎస్ చదవాలి. అంతా చదివి వచ్చినవాణ్ణి ఊళ్ళో ‘పళ్ళ డాక్టరు’ అనే అంటారు. క్లిప్పులు వేసేవాణ్ణీ అదే మాట, కట్టుడుపళ్ళు పెట్టేవాణ్ణీ అదే మాట.

ఈ వైద్యం హెల్సింకీలో ఎలాగో హనుమాన్ జంక్షన్‌లోనూ అలాగే. నూజివీడు పరిసరాల్లో మాత్రం, అంటే ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం మామిడితోటల మధ్య, దీనికి ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా అదనంగా ఒక చిక్కు వచ్చి పడుతుంది. ఆ మూడు నెలలూ ఇక్కడి నోళ్ళకు తీరికుండదు. 2022 ఏప్రిల్లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది గాని, చిన్నరసానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఎప్పటిలాగే పండుతోంది.

దవడ వైద్యుడి దృష్టిలో మామిడి రకాల వర్గీకరణ ఉద్యానశాఖ పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. బంగినపల్లి ముక్కలు కోసి తినేది, దానికి ముందుపళ్ళు చాలు. కలెక్టరు కాయ ఉప్పూకారం అద్ది కొరికేది, అక్కడ దవడపళ్ళకు పని. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం అలా కాదు. అరచేతుల మధ్య పిసికి మెత్తబరచి, ముచిక కొరికి, మొదటి సొన పారబోసి, పెదవులు బిగించి జుర్రుకోవాలి. ఇందులో పన్నుకు పెద్ద పాత్ర లేదు. పెదవులు, బుగ్గలు, నాలుక కలిసి నోట్లో పుట్టించే పీల్పే ప్రధానం. టెంక చీకే ఘట్టంలో మళ్ళీ అందరూ వేదికెక్కుతారు. పళ్ళు గీరతాయి, దవడ పక్కలకు జరుగుతుంది, పీచు సందుల్లో ఇరుక్కుంటుంది. ఈ పీల్పు సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ముందు దీనితో పని పడుతుంది.

ఇక నిర్మాణం. చెవిలోని బుల్లి ఎముకలను మినహాయిస్తే తలలో కీలు మీద తిరిగే ఎముక కింది దవడ ఒక్కటే. పై దవడ పుర్రెకు అతుక్కుని పెద్దమనిషిలా కూర్చుంటుంది, తిరుగుడంతా కిందిదే. దాని రెండు చివర్లూ చెవుల ముందున్న గుంటల్లో ఉంటాయి. నోరు కొద్దిగా తెరిస్తే అవి ఉన్నచోటే తిరుగుతాయి, బాగా తెరిస్తే ముందుకు జారతాయి. పెద్దవాళ్ళ నోరు మామూలుగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. స్కేలు లేకపోతే ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ పళ్ళ మధ్య నిలువుగా పెట్టి చూసుకోవచ్చు. కింది దవడ ఎముకలో ఒక సొరంగం ఉంది. అందులోంచి ఒక నరం వెనక నుంచి గడ్డం దాకా వెళ్తూ కింది పళ్ళకూ, కింది పెదవికీ, గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. దవడ వైద్యుడి భయభక్తులన్నీ ఈ నరం మీదే.

రోగి డాక్టరు దాకా రావడం ఒక సుదీర్ఘ ప్రక్రియ. పంటినొప్పి రాత్రిపూట ఎక్కువ. పడుకుంటే తలకు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, వాచిన పంటిగుజ్జు చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఆ ఒత్తిడి ఎటూ పోలేక నరాన్ని నొక్కుతుంది. అర్ధరాత్రి ఇంట్లో దొరికేవి లవంగం, ఉప్పు, ఇరుగుపొరుగు సలహాలు. తెల్లవారాక మెడికల్ షాపుకు వెళ్ళి “పంటినొప్పికి ఒక డోసు ఇవ్వండి” అంటే నాలుగు రంగుల బిళ్ళలు పొట్లం కట్టి ఇస్తారు. రెండో మజిలీ ఆర్‌ఎంపీ. ఆయన సూది వేస్తాడు, నొప్పి తగ్గుతుంది, పన్ను లోపల పని కొనసాగుతుంది. బుగ్గ వాచి అద్దంలో మొహం పక్కింటివాళ్ళదిగా కనిపించిన రోజున అసలు డాక్టరు గుర్తుకొస్తాడు.

అక్కడా ఒక అడ్డంకి ఉంది. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని ఇంటి పెద్దావిడ వాదం. “మా తోటికోడలు పన్ను పీకించుకుంది, ఆ ఏడే కళ్ళజోడొచ్చింది” అని సాక్ష్యం కూడా చూపిస్తుంది. చూపు మోసేది మెదడు నుంచి బయల్దేరే రెండో నరం. పైపళ్ళ నొప్పి మోసేది ఐదో నరం శాఖ. ఒకదాని దారి ఒకదానికి తెలియదు. నలభై దాటాక పళ్ళూ కళ్ళూ ఒకేసారి మొరాయిస్తాయి కాబట్టి ఆవిడ సాక్ష్యం అబద్ధం కాదు, తీర్పే తప్పు.

కుర్చీలో కూర్చోగానే డాక్టరు మొదట అనే మాట “ఒక ఎక్స్‌రే తీద్దాం”. ఈ వాక్యంలో బహువచనం మర్యాద కోసం. ఫొటో తీసేటప్పుడు గదిలో ఉండేది రోగి ఒక్కడే. బటన్ నొక్కే ముందు డాక్టరు తలుపు వెనక్కి తప్పుకుంటాడు. “అంత మంచిదైతే ఆయనెందుకు పారిపోయాడు?” అని బయట బెంచీ మీద చర్చ మొదలవుతుంది. జవాబు చరిత్రలో ఉంది. రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను గమనించి, ఆ సంగతి డిసెంబరు చివర్లో లోకానికి చెప్పాడు. మరుసటి నెలలోనే జర్మనీలోని బ్రౌన్‌ష్వైక్‌లో ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఫొటో తీయించుకున్నాడు. గాజుపలక నోట్లో పెట్టుకుని 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇవాళ సెకనులో కొంతభాగం పట్టే పనికి “ఇంకా ఎంతసేపండీ?” అనేవాళ్ళు ఆయన్ను ఒకసారి తలుచుకోవచ్చు.

అమెరికాలోని న్యూఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ పంటి ఎక్స్‌రేకు ఆద్యుల్లో ఒకడు. కిరణాల జోరు సరిచూసుకోవడానికి ఆయన తన చెయ్యే అడ్డం పెట్టి చూసేవాడు. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత చెయ్యి పోయింది. చివరికి బాధ భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. డాక్టరు తలుపు వెనక్కి తప్పుకునేది అందుకు. రోగికి ఏడాదికోసారి తగిలే కిరణం, తప్పుకోకపోతే ఆయనకు రోజుకు ఇరవైసార్లు తగులుతుంది. భారతదేశంలో ఈ యంత్రాలు పెట్టుకోవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. అణుశక్తి మాట వినగానే బెంచీ మీద చర్చ మరో అరగంట సాగుతుంది గాని, నిజానికి మోతాదు చాలా తక్కువ. నేల, ఆకాశం కలిసి మనిషికి ఏటా ఊరికే పంచే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఆ లెక్కన ఒక పంటి చిన్న ఎక్స్‌రే సుమారు ఒక రోజు బాపతు, మొత్తం దవడల ఫొటో కొద్ది రోజుల బాపతు.

చిన్న ఎక్స్‌రేకు ఇప్పుడు ఫిల్ము బదులు సెన్సార్ వాడతారు. డాక్టర్లు దాన్ని ఆర్‌వీజీ అంటారు. 1980ల్లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మూయెన్ రూపొందించిన పద్ధతి ఇది. కడగడాలు, ఆరబెట్టడాలు లేకుండా బొమ్మ నిమిషంలోపే కంప్యూటరు తెర మీద పడుతుంది. సెన్సార్ బిళ్ళ గట్టిది, అంచులున్నది. వెనక దవడపంటి దాకా తోస్తే కొందరికి కడుపులో తిన్నదంతా కదులుతుంది. మధ్యాహ్నం మామిడిపండు, పెరుగన్నం కలిపి భోంచేసి నేరుగా వచ్చినవాళ్ళతో ఈ పని పెట్టుకోకూడదని అనుభవజ్ఞులైన అసిస్టెంట్లకు తెలుసు.

ఈ బొమ్మ వల్ల అసలు లాభం కంటికి కనపడని పుచ్చును పట్టుకోవడం. రెండు పళ్ళ మధ్య సందులో మొదలైన పుచ్చు పైకి కనపడదు. ఈ సంగతి మామిడి రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. టెంక పురుగు పిందె మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు తొలుచుకుంటూ టెంకలోకి పోతుంది. తొలిచిన దారి కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది. పండు చేతికొచ్చేసరికి పైన మచ్చ ఉండదు, లోపల టెంకలో పురుగు కాపురం. 1990ల్లో ముంబయిలోని భాభా అణుపరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మామిడిపళ్ళకు ఎక్స్‌రే తీసి, కోయకుండానే ఈ పురుగును పట్టవచ్చని చూపించారు. ఆల్ఫాన్సోలో కండ గుల్లబారే జబ్బునూ అలాగే చూశారు. అంటే ఈ దేశంలో మామిడిపండుకూ మనిషి పంటికీ ఒకే పరీక్ష జరిగింది. తేడా ఒక్కటే. పండు కదలకుండా కూర్చుంటుంది, బిల్లు గురించి అడగదు.

రెండు దవడలూ, పళ్ళన్నీ, కీళ్ళూ ఒకే బొమ్మలో కావాలంటే ఓపీజీ తీయాలి. 1940ల చివర్లో ఫిన్లండ్‌లో యూర్యో పాటెరో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి వచ్చింది ఇది. రోగి నిలబడి గడ్డం ఒక మెట్టు మీద ఆన్చి, ముందుపళ్ళతో ఒక పుల్లను కొరికి పట్టుకుంటాడు. యంత్రం తల చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. దేవుడి చుట్టూ భక్తుడు తిరిగినట్టున్నా, ఇక్కడ కదలకూడనిది రోగి. పదిహేను సెకన్లు చాలు. ఆ పదిహేను సెకన్లలోనే ముక్కు దురద పుడుతుంది.

ఓపీజీకి అసలు విఘ్నం బంగారం. చెవి కమ్మలు, మాటీలు, ముక్కుపుడక, గొలుసు అన్నీ తీయాలి. తీయకపోతే కమ్మ ఉన్నచోట కమ్మ పడటమే కాకుండా, దాని నీడ ఎదురు పక్క దవడ మీద కాస్త పైకి, మసకగా మరోసారి పడుతుంది. దెయ్యపు నీడ అనదగ్గ ఈ రెండో కమ్మ సరిగ్గా చూడాల్సిన పంటి మీద వాలుతుంది. “పెళ్ళప్పుడు పెట్టింది, ముప్ఫై ఏళ్ళుగా తీయలేదు” అని ముక్కుపుడక విషయంలో మామ్మగారు పట్టుబడితే, సబ్బునీళ్ళు, కొబ్బరినూనె, కోడలి ఓర్పు మూడూ కావాలి. నాలుకను అంగిలికి ఆనించి ఉంచమన్న మాట ఎవరూ పట్టించుకోరు. ఆనించకపోతే పై పళ్ళ వేర్ల మీద నల్లటి పట్టీ పడుతుంది. అది జబ్బేమోనని ఇంటికి వెళ్ళాక బెంగ.

ఎందుకంటే ఓపీజీ బొమ్మ డాక్టరు చూడకముందే వాట్సాప్‌లో అందరికీ చేరుతుంది. డాలస్‌లో సాఫ్ట్‌వేరు చేసే మేనల్లుడు దాన్ని పెద్దది చేసి చూసి, కింద రెండు నల్లటి రంధ్రాలున్నాయని, వెంటనే స్పెషలిస్టుకు చూపించమని రాస్తాడు. అవి గడ్డం నరం బయటికొచ్చే సహజమైన ద్వారాలు, అందరికీ ఉంటాయి. అతనికీ ఉన్నాయి.

మూడోది సీబీసీటీ. 1990ల చివర్లో ఇటలీలో, జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈ యంత్రం దవడను పొడవు, వెడల్పు, లోతు మూడింటిలోనూ చూపిస్తుంది. జ్ఞానదంతం వేరు నరం మీద కూర్చుందా, పక్కగా పోయిందా అనేది ఓపీజీలో తేలనప్పుడు దీనికి సాటి లేదు. ఎముకలో ఇంప్లాంట్ మర బిగించే ముందు కూడా అంతే. అలాగని అన్నిటికీ ఇదే తీయమనడం దండగ. రేడియేషనూ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. వేలితో తాకితే ఊగిపోతున్న తాతగారి పన్నుకు సీబీసీటీ రాసే డాక్టరు మీద తాతగారికి అనుమానం వస్తే అది న్యాయమే.

బొమ్మ చూశాక మత్తు. నొప్పి లేని ఆపరేషను లోకానికి దొరికింది చాలావరకు పళ్ళ డాక్టర్ల చలవే. 1844లో హోరేస్ వెల్స్ నవ్వించే గ్యాసు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బాస్టన్‌లో మరో దంతవైద్యుడు మోర్టన్ ఈథర్ ఇచ్చి అందరి ముందూ ఆపరేషను చేయించాడు. మరో మత్తుమందు క్లోరోఫాం వల్ల ముందు ఆగేది గుండెనా ఊపిరా అన్న తగాదా తేల్చడానికి డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకసారి, 1889లో మరోసారి కమిషన్లు కూర్చున్నది హైదరాబాదులోనే. ఖర్చు నిజాముది. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకేం కాదని లారీ తేల్చాడు. ఆ మాట తర్వాత నిలవలేదు, హైదరాబాదు పేరు మాత్రం వైద్య చరిత్రలో నిలిచింది.

ఇప్పటి పంటి మత్తు లిగ్నోకెయిన్. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. దీనికి చిటికెడు అడ్రినలిన్ కలుపుతారు, రక్తనాళాలు బిగిసి మందు అక్కడే ఎక్కువసేపు ఉంటుందని. కింది దవడకు సూది వెనకగా, నరం సొరంగంలోకి దిగే చోట వేస్తారు. ఐదు నిమిషాల్లో సగం పెదవి మొద్దుబారుతుంది. పెదవి వాచిపోయిందని రోగి అద్దం అడుగుతాడు. అద్దంలో ఏమీ ఉండదు. ఆ మొద్దు రెండు మూడు గంటలుంటుంది. ఆ లోపల వేడి కాఫీ తాగి పెదవి కాల్చుకునేవారు పెద్దల్లో కొందరు, పెదవి కొరికి నెత్తురు చేసుకునేవారు పిల్లల్లో ఎక్కువ.

పన్ను పీకడంలో లాగే పని తక్కువ. పన్నును ఎముకతో కలిపే సన్నటి తంతువులను తెంపి, గుంటను ముందుకూ వెనక్కూ వంచుతూ వెడల్పు చెయ్యడమే అసలు పని. ఆఖరి క్షణంలో పన్ను దానంతట అదే వస్తుంది. “అప్పుడే అయిపోయిందా? దీనికా ఇంత తీసుకున్నారు?” అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. గంటసేపు కష్టపడి తీస్తే డాక్టరుకు చేతకాదంటారు, రెండు నిమిషాల్లో తీస్తే డబ్బు ఎక్కువంటారు. ఈ సమస్యకు దంతవైద్య శాస్త్రంలో ఇంతవరకు పరిష్కారం లేదు.

జ్ఞానదంతాలు పదిహేడు నుంచి ఇరవై ఐదేళ్ళ మధ్య వస్తాయి. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్ళు చదివే పిల్లలున్న ట్రిపుల్ ఐటీ 2008లో నూజివీడులో పెట్టారు. అంటే జ్ఞానదంతం మొలిచే వయసునంతా ప్రభుత్వం ఒకే ప్రాంగణంలో పోగుచేసింది. వీటిలో కింది దవడవి చోటు చాలక పక్క పంటి మీదికి ఒరిగి, సగం చిగురు కింద దాక్కుంటాయి. ఆ చిగురు మడతలో అన్నం మెతుకులు చేరి, వాచి, నోరు తెరుచుకోదు. పరీక్షల ముందు రోజునే ఇది ముదురుతుందని విద్యార్థుల వాదం. ఆ వాదానికి వైద్యశాస్త్రం మద్దతు ఉందా అనేది అధ్యాపకులకు అనవసరం.

ఈ పన్ను ఎటు ఒరిగిందన్న దాన్ని బట్టి జార్జ్ వింటర్ 1926లో తరగతులు చేశాడు. ముందుకు ఒరిగింది, వెనక్కి ఒరిగింది, నిలువుగా ఉన్నది, పూర్తిగా అడ్డంగా పడుకున్నది. బొమ్మలో నరం సొరంగపు తెల్లటి గీత వేరు దగ్గర తెగిపోయినా, సొరంగం పక్కకు వంగినా, వేరు మీద నల్లటి పట్టీ కనపడినా జాగ్రత్త అవసరం. అలాంటప్పుడు సీబీసీటీ తీస్తారు. అప్పటికీ వేరు నరాన్ని కౌగిలించుకునే ఉంటే, పై భాగం మాత్రం కోసేసి వేర్లను లోపలే వదిలేసే పద్ధతీ ఉంది. మామూలు కేసుల్లో చిగురు చీల్చి, అడ్డమొచ్చిన ఎముక కాస్త తొలగించి, పన్నును రెండు మూడు ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. ఏడో రోజున కుట్లు విప్పుతారు. మూడు రోజులు బుగ్గ వాస్తుంది. వాపు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది రెండో రోజున. పెళ్ళిచూపులు సరిగ్గా ఆ రోజు పెట్టుకోకూడదు.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. పీకిన గుంటలో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డే పుండుకు కప్పు, కొత్త ఎముకకు పునాది. దాన్ని కదిలించే పని ఏదీ చెయ్యకూడదు. అందుకే అరగంట పైగా దూది కొరికి పట్టుకోవాలి, ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, చుట్టా బీడీ ముట్టకూడదు, స్ట్రాతో తాగకూడదు. చివరి మాటకు శాస్త్రీయ కారణం, నోట్లో పుట్టే పీల్పు గడ్డను ఊడబెరుకుతుంది. పుస్తకాలు రాసినవాళ్ళకు కూల్‌డ్రింకు స్ట్రా తప్ప మరో పీల్పు తట్టలేదు. వాళ్ళెవరూ మే నెలలో నూజివీడు రాలేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడి డాక్టరు ఆ వాక్యాన్ని విస్తరించి చెప్పుకోవాల్సి వస్తుంది. “స్ట్రా వద్దు, రసం వద్దు, టెంక వద్దు.” రోగి వెంటనే బేరానికి దిగుతాడు. “చిన్నరసం ఒక్కటేనండీ, రెండో పక్క నుంచి జుర్రుకుంటాను.” నోట్లో పీల్పు పుడితే ఏ పక్కనుంచైనా ఒకటే. “పోనీ, కోసి తింటే?” చిన్నరసం కోసుకు తినడమన్నది ఈ ప్రాంతంలో అనాచారం కింద లెక్క. ఆఖరికి రసం గిన్నెలోకి పిండి, వడగట్టి, చల్లార్చి, చెంచాతో తాగడానికి రాజీ కుదురుతుంది. మొదటి ముద్దలోనే కొత్తావకాయ కలిపేవాళ్ళతో ఇంకో రాజీ కావాలి. ఆవఘాటు తగిలిన గుంట రోగికి తన స్థానాన్ని చాలాసేపు గుర్తుచేస్తుంది.

మాట వినకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. గడ్డ ఊడిపోయి ఎముక బయటపడితే దాన్ని పొడిగుంట అంటారు. మామూలు పళ్ళలో నూటికి ఒకటి నుంచి ఐదు, కింది జ్ఞానదంతాల్లో అంతకన్నా బాగా ఎక్కువ కనిపిస్తుంది. రెండు మూడు రోజులు బాగానే ఉండి, అప్పుడు నొప్పి మొదలై చెవి దాకా పాకుతుంది. పన్ను ఉన్నప్పటి నొప్పే నయమనిపిస్తుంది. వైద్యం, గుంట కడిగి లవంగనూనె కలిపిన మందుగుడ్డ పెట్టడం. అర్ధరాత్రి వంటింట్లో మొదలైన లవంగం ఈ దశలో ఫీజుతో సహా మళ్ళీ నోట్లోకి వస్తుంది.

కొన్ని నోళ్ళు అసలు తెరుచుకోవు. వక్క, గుట్కా ఏళ్ళతరబడి నమిలితే బుగ్గల లోపలి పొర బిగిసి తాడులా గట్టిపడుతుంది. మూడు వేళ్ళు పట్టాల్సిన చోట ఒక వేలు పట్టదు, మామిడి ముక్క కూడా నిలువుగా పోదు. ఇది క్యాన్సరుగా మారే అవకాశం ఉన్న జబ్బు, ఇక్కడ హాస్యానికి చోటు తక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళలో ఉన్న అడ్డపొగ అలవాటు మరీ విచిత్రం. నిప్పున్న చివర నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సరు గురించి 1960ల నుంచి ఎఫ్.ఎస్. మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ శ్రీకాకుళం జిల్లాలో పరిశోధించారు. ఈ జబ్బుల్లో ఎక్స్‌రే చెప్పేది తక్కువ. వెలుగులో నోరు తెరిపించి చూడటం, అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షకు పంపడం, ఇవే ముఖ్యం.

దవడ విరగడానికి తోటల సీమలో మార్గాలు పుష్కలం. కొమ్మ మీంచి జారినవాళ్ళు, కాయల లోడు పైన కూర్చుని ట్రాక్టరు మలుపులో దిగిపోయినవాళ్ళు, హెల్మెటును పెట్రోలు ట్యాంకు మీద పెట్టి దానికి ఏమీ కాకుండా చూసుకునేవాళ్ళు. గడ్డం నేలకు తగిలితే విరిగేది తరచు గడ్డం కాదు, చెవి ముందున్న దవడ మెడ. అందుకే దెబ్బ తగిలినచోట మాత్రమే ఎక్స్‌రే తీస్తే సగం కథ తప్పిపోతుంది. దవడ విరిగిందనడానికి మంచి గుర్తు రోగి మాటే. “పళ్ళు ఇదివరకట్లా కలవడం లేదండీ” అంటే నూటికి తొంభైపాళ్ళు అనుమానించాల్సిందే. ఇలాంటి కేసులు చినఅవుటపల్లిలోని సిద్ధార్థ దంతవైద్య కళాశాలకో, విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలకో, ఏలూరు దగ్గర దుగ్గిరాల సెయింట్ జోసెఫ్ కళాశాలకో వెళ్తాయి.

పై దవడ ఎలా విరుగుతుందో ఫ్రాన్స్‌లో రెనే లె ఫోర్ అనే డాక్టరు 1901లో తేల్చాడు. శవాల తలలను దుడ్డుకర్రతో కొట్టి, బల్లకేసి మోది, తర్వాత కండ ఒలిచి చూశాడు. ఎముక ఎక్కడపడితే అక్కడ కాకుండా మూడు దారుల్లోనే విరుగుతుందని కనిపెట్టాడు. ఇప్పటికీ డాక్టర్లు లె ఫోర్ ఒకటి, రెండు, మూడు అంటారు.

వైద్యం పూర్వం ఒకటే. పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు కట్టేయడం. 1970ల్లో ఫ్రాన్స్‌లోనే షాంపీ బృందం చిన్న పట్టీలు, మరలు వాడి ఎముకనే కలిపే పద్ధతిని స్థిరపరిచాక చాలామందికి ఆ శిక్ష తప్పింది. ఇంకా కొందరికి కట్టాల్సి వస్తుంది. కట్టినన్నాళ్ళూ నమలడం లేదు, ఆవలింత లేదు, అత్తగారితో వాదన లేదు. సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి, దవడపళ్ళ వెనక సందులోంచి పోసే ద్రవమే ఆహారం. గంజి, మజ్జిగ, పాలు, పప్పుకట్టు. మే నెలలో కట్టించుకున్న అదృష్టవంతుడికి వడగట్టిన పెద్దరసం. పీచు బాగా వడగట్టాలి, లేకపోతే తీగల్లో చిక్కుకుని చీమలకు తెలుస్తుంది. వాంతి వస్తే తీగలు వెంటనే తెంచడానికి కత్తెర పక్కనే ఉంచుకోవాలి. ఈ ఒక్క సలహాను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

విరగకుండా దవడ జారిపోవడం ఇంకో రకం. పెద్దగా ఆవలించినప్పుడో, పగలబడి నవ్వినప్పుడో, పంటి డాక్టరు దగ్గర గంటసేపు నోరు తెరిచినప్పుడో కింది దవడ చివర్లు గుంట ముందున్న మిట్ట దాటిపోయి వెనక్కి రాలేవు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. మాట రాదు, చొంగ ఆగదు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్షవాతమని ఏడుస్తుంటే, కాదని చెప్పడానికి నోరు కలవదు. ఎక్స్‌రే తీస్తే విరగలేదని రూఢి అవుతుంది. వైద్యం చాలా పాతది. మూడున్నర వేల ఏళ్ళ నాటి ఈజిప్టు వైద్యపత్రంలోనే ఉంది. డాక్టరు బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, రోగి కింది దవడపళ్ళ మీద పెట్టి, ముందు కిందికి, తర్వాత వెనక్కి నొక్కుతాడు. దవడ టక్కున గుంటలో పడగానే పళ్ళు మూసుకుంటాయి. గుడ్డ చుట్టుకున్నది అందుకే. ఆ తర్వాత రెండు మూడు వారాలు నోరు పెద్దగా తెరవకూడదు. పెద్దరసం ముచిక దగ్గర కొరకడం మానేసి కత్తితో కోయించుకోవాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకుని ఆవలించాలి. ఈ నియమం పాటించనివాళ్ళు మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే వస్తారు, నోరు తెరుచుకుని.